ఊపిరి తీసుకోని సాక్సోఫోన్

జాజ్ వింటానని నూజివీడులో ఎవరితోనైనా అంటే మొహం అదోలా పెడతారు. మా కాలేజీ స్టాఫ్ రూములో ఒకాయన దానికీ జాజికాయకీ ఏమైనా చుట్టరికం ఉందా అని అడిగి, తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఇంట్లో మా ఆవిడ ఆ పీపీలు కట్టేస్తే అన్నం పెడతానంటుంది. మంచి ఆల్బం కొత్తది దొరికితే, ఇది వినండి అని చెప్పుకోవడానికి ఈ చుట్టుపక్కల నాకున్నది ఒకే ఒక్క మనిషి. ఆగిరిపల్లి దగ్గర మామిడితోటలో ఇల్లు కట్టుకుని ఉంటున్న రిటైరైన పశువుల డాక్టరు గారు. ఆయన కూడా చెయ్యిస్తే ఇక నేను గోడలకి చెప్పుకోవాలి.

నాకీ పిచ్చి ఎలా పట్టిందంటే, మా నాన్న గుళ్ళో సన్నాయి వాయించేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని నేను శ్రుతి పట్టేవాణ్ణి. ఒకటే స్వరం, తెగకుండా ఊదుతూ ఉండాలి. బుగ్గల్లో దాచుకున్న గాలి వదులుతూనే ముక్కుతో మళ్ళీ పీల్చుకోవాలి. పిల్లవాడికి అంతకన్నా విసుగు పని ఇంకోటి ఉండదు. అయితే ఆ విసుగులోనే, ఊదే మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో వినడం అలవాటైంది. తర్వాత లెక్కలు చెప్పుకుని బతుకుతున్నాను గానీ చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది. మొదటిసారి సాక్సోఫోన్ విన్నప్పుడు రెండు ముక్కల మధ్య ఆ వాయించేవాడు దమ్ము పీల్చుకోవడం వినపడింది. మా నాన్న పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

డాక్టరు గారి తోటకి కాయలు కొందామని వెళ్ళిన రోజు వరండాలో ట్రంపెట్ మోగుతోంది. కాయల సంగతి మర్చిపోయి కూర్చుండిపోయాను. అప్పట్నుంచి కొత్తవాళ్ళని వెతకడం ఇద్దరికీ ఉమ్మడి పనైంది. దానికో పద్ధతి ఉండేది. ఒక ఆల్బం నచ్చితే అందులో డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు అని చూసి, వాళ్ళు ఇంకెవరి దగ్గర వాయించారో ఆరా తీసేవాళ్ళం. నేనేదైనా పంపగానే ఆయన మొదటి ప్రశ్న, "ఇతను ఎవరి తాలూకు మాస్టారూ?" పెళ్ళి సంబంధానికి మేనమామలెవరని అడిగినట్టే. అలా ఒక ఆఫ్రికా పియానో ఆయన దొరికితే, ఆయన దగ్గర బేస్ వాయించే మనిషి ద్వారా గిటార్ వాయించే ఒక పోలండ్ అమ్మాయి దొరికింది. తీగ మీద వేళ్ళు రాసుకునే చప్పుడు తీసేయకుండా ఆల్బంలో అలాగే ఉంచేసింది. ఆ చప్పుడు కోసమే డాక్టరు గారు ఆల్బం మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.

మెచ్చుకోవడానికి ఆయన మాట ఒకటే. "గడ్డిలో మాగింది." వరిగడ్డి పరిచి, కాయని తొందరపెట్టకుండా దాని మానాన పండనిస్తే వచ్చే రుచి అన్నమాట. నచ్చకపోతే "మందు కాయ" అనేవారు. మందంటే కార్బైడ్. చిన్న పొట్లం కట్టి పెట్టెలో పడేస్తే పచ్చి కాయ పైకి పసుపు పూసినట్టు తయారవుతుంది, లోపల టెంక చుట్టూ తెల్లగా పుల్లగా ఉంటుంది. ఆ కాయంటే ఆయనకి అసహ్యం. చాట్రాయి నుంచి ఎవరో చుట్టాలు ఒక బుట్ట తెస్తే, వాసన చూసి, వాళ్ళ ఎదురుగానే గేదెల దగ్గర పోయమన్నారు. మళ్ళీ గేదెలేం పాపం చేశాయని గొయ్యి తీయించి పూడ్పించారు.

అలాంటి మనిషి ఈ వేసవిలో చెడిపోయారు. ఫోను తనంతట తను ఇది వినండి, అది వినండి అని పంపే జాబితాల్లో పడ్డారు. పని చేసుకుంటూ వినే జాజ్. వానలో జాజ్. నిద్రపట్టే జాజ్. ప్రతిదాని మీదా ఒకటే బొమ్మ, తడిసిన కిటికీ, కాఫీ కప్పు, పడుకున్న పిల్లి. బస్టాండు దగ్గర కొత్తగా పెట్టిన కాఫీ షాపులో కూడా అదే మోగుతుంటుంది. పక్క బల్ల మీద పకోడీ తింటున్నవాడికి వినపడదు, వినపడకూడదనే దాన్ని తయారుచేశారు. ఒక మనిషి పెదవి చిట్లేలా ఊదే వాద్యాన్ని ఫ్యాను చప్పుడులా మార్చిపెట్టినవాళ్ళని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ జాబితాల్లోంచే డాక్టరు గారు ఒక ఆల్బం పంపారు. కింద, "గడ్డిలో మాగింది మాస్టారూ, తప్పక వినండి" అని రాశారు. ఆ మాట ఆయన ఊరికే వాడరు. తలుపు వేసుకుని శ్రద్ధగా విన్నాను. సాక్సోఫోన్ నున్నగా, తియ్యగా ఉంది. రెండో పాట సగంలో నా ఛాతీ బిగుసుకోవడం మొదలైంది. ఎందుకో కాసేపటికి గానీ తెలియలేదు. వాడు ఊపిరి తీసుకోవడం లేదు. వాడితో పాటు నేనూ బిగబట్టుకుని కూర్చున్నాను.

డ్రమ్స్ ఎవరని చూస్తే పేరు లేదు. బేస్ లేదు, పియానో లేదు. ఆ కళాకారుడు మాత్రం వారం తిరక్కుండా ఇంకో ఆల్బం వదులుతున్నాడు. ఫోటో పెద్దది చేసి చూస్తే వేళ్ళూ, సాక్సోఫోన్ మీటలూ కలిసి ముద్దయిపోయి ఉన్నాయి. ఏఐ మెషీన్ వండిన మనిషి. పాచిపోయిన పాయసం సగం గిన్నె తాగాక తెలిసినట్టుంది.

బండి తీసుకుని ఆగిరిపల్లి వెళ్ళాను. డాక్టరు గారు వరండాలో ఉన్నారు, అదే మోగుతోంది.

"ఇతను ఎవరి తాలూకండీ?" అన్నాను.

"ఎవరి తాలూకూ కాదు మాస్టారూ. మెషీన్ చేసిందంట. మా మేనల్లుడు చెప్పాడు."

"తెలిసే గడ్డిలో మాగిందని రాశారా?"

"వింటుంటే బాగుంది కదండీ. ఎవరు వాయిస్తే ఏంటి?"

"వాడు ఊపిరి తియ్యట్లేదండీ."

"చిన్నప్పుడు శ్రుతి పట్టేటప్పుడు మీరు మాత్రం ఆపేవారా? మీరే చెప్పారుగా."

"ముక్కుతో పీల్చేవాణ్ణండీ. పక్కనున్న వాళ్ళకి వినపడేది. చీమిడి కూడా కారేది."

లోపల్నుంచి అక్కయ్య గారు, అంటే ఆయన భార్య, పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. వయసైపోయింది మాస్టారూ, ఈ తాలూకులన్నీ వెతికే ఓపిక లేదన్నారు. అది నిజమే అయ్యుండొచ్చు. అయినా నాకు జాలి కలగలేదు, రోతే కలిగింది.

వారం పోయాక రోడ్డు పక్క తోపుడు బండి మీద బంగినపల్లి కాయలు కొన్నాను. కావాలనే, అన్నీ ఒకే పసుపులో మెరుస్తున్నవి ఏరుకున్నాను. తీసుకెళ్ళి అక్కయ్య గారి చేతిలో పెడితే ఆవిడ సంచీలోకి చూడకుండానే, "ఇవి మందు కాయలు కదా తమ్ముడూ" అన్నారు. ఈ ఒక్కసారికి కొయ్యండి అని బతిమాలాను. పళ్ళెం ఆయన ముందుకొచ్చింది. ముక్క ముక్కు దగ్గర పెట్టుకోగానే మొహం ముడుచుకుపోయింది. ఆ మొహం కోసమే వచ్చాను. బండి మీద దారంతా తయారుచేసుకున్న మాట అప్పుడు అన్నాను.

"తియ్యగానే ఉంటుంది కదండీ. ఎలా పండితే ఏంటి?"

పళ్ళెం తోసేస్తారనుకున్నాను. నన్ను తిట్టి, నవ్వి, ఆ ఆల్బం ఫోనులోంచి తీసేస్తారనుకున్నాను. మళ్ళీ మేం డ్రమ్మర్ల మేనమామల్ని వెతుక్కోవచ్చని ఆశపడ్డాను. ఆయన నా కళ్ళలోకి చూస్తూ ముక్క నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకోటి తీసుకున్నారు. "ఏంటండీ ఆ తినడం, ఊసెయ్యండి" అని అక్కయ్య గారు అంటున్నా వినకుండా, తెల్లగా ఉన్న టెంక కూడా చీకి పళ్ళెంలో పెట్టారు. చేతులు కడుక్కొచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ, "బాగుంది మాస్టారూ" అన్నారు. వచ్చేటప్పుడు గేటు దాకా వచ్చి, కొత్తదేదైనా దొరికితే పంపమన్నారు.

దొరికింది. ట్రంపెట్ వాయించే ఒక అమ్మాయి కిందటి నెలలో తెచ్చిన ఆల్బం. ప్రతి పాటకి ముందు ఆమె గాలి పీల్చుకోవడం వినపడుతుంది, ఒకచోట అది చాలక స్వరం మధ్యలో తెగిపోతే అలాగే వదిలేసింది. డ్రమ్స్ మా పోలండ్ అమ్మాయి తాలూకు మనిషే. ఆయనకి పంపాలని ఫోను తీసి, పెట్టేశాను. పంపితే బాగుందంటారు. ఆ మాట ఆయన ఎలా అంటారో ఎదురుగా కూర్చుని చూశాను.