తూము రాయి మీద కొత్త గీటు

శంషాబాద్ దాటి దక్షిణంగా పోతే రెండు రాతి గుట్టల మధ్య ఒక పల్లం ఉంది. విమానాలు దిగే దారి సరిగ్గా దాని మీదుగానే. ఎగువన కుంట, కుంట కట్ట కింద మెట్లు మెట్లుగా దిగే మడులు, చివర వాగు. గుట్టల మీద పడ్డ వాన కుంటలోకి చేరుతుంది. అక్కడి నుంచి తూము గుండా కాలువలోకి, కాలువలోంచి మడి మడికీ నడుస్తుంది. ఆ నీళ్ళను నడిపించే మనిషి నీరటి కుర్మయ్య.

ఆయన తండ్రీ నీరటే, తాతా నీరటే. తూము ఎత్తడం, దించడం, వంతు ప్రకారం ఒక్కొక్కరి మడికి నీళ్ళు కట్టడం పని. కోతలయ్యాక కల్లం దగ్గర ఎవరికి తగ్గట్టు వాళ్ళు ఆయన గోనెలో వడ్లు పోస్తారు. మాట తక్కువ మనిషి. పొలం నుంచి వచ్చాక పార కడిగి, తుడిచి, మూలన నిలబెట్టాకే చాయ్ ముట్టుకుంటాడు.

ఆ పల్లం ఆయన చూస్తుండగానే చాలా వేషాలు మార్చింది. చిన్నప్పుడంతా వరి. తర్వాత ద్రాక్ష తోటలొచ్చాయి. ఎటు చూసినా నిలువెత్తు రాతి కడీలు, వాటి మీద అల్లుకున్న తీగెలు, గెలలు కోసే ఆడవాళ్ళ పాటలు. తోటలు పోయాయి, కడీలు మిగిలాయి. విమానాశ్రయం వచ్చాక అవే కడీలను పీకి ప్లాట్ల చుట్టూ పాతారు. కట్ట కింద మిగిలిన రైతులు బోర్లతో ఎవరి మడి వాళ్ళు తడుపుకోవడం మొదలుపెట్టారు. తూముతో పని లేకపోయింది. కుర్మయ్య ఒక గోదాములో కాపలాకు కుదిరాడు.

ఆ బోర్లు కూడా ఒక్కొక్కటే ఎండాయి. ఆ తర్వాత ఒక వానాకాలం కుంట మళ్ళీ నిండింది. కట్ట కింది రైతులు గోదాము గేటు దాకా వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చారు.

యాసంగి నారు పోసే ముందు ఆ పల్లంలో ఒక పద్ధతి ఉంది. తూము రాయి మీద పూర్వం ఎవరో ఉలితో కొట్టిన గీటు ఒకటుంది. నీళ్ళు ఆ గీటు దాటి ఉంటే వాగు ఒడ్డు దాకా అందరూ నాటుకోవచ్చు. గీటు కిందికి ఉంటే దామాషా. అంటే కట్టను ఆనుకున్న మడులే నాటతారు, కింది మడుల వాళ్ళకు కూడా ఆ ఏటికి అందులోనే తలా కొంత చోటు ఇస్తారు. గీటు చూసి మాట చెప్పాల్సింది నీరటి.

కుర్మయ్య నడుము లోతు నీళ్ళలోకి దిగి రాయిని చేత్తో తడిమాడు. గీటు నీళ్ళ కిందే తగిలింది.

"నాటుకోండ్రి. అందరు నాటుకోండ్రి" అన్నాడు పైకొచ్చి.

అందరికంటే ఎక్కువ సంతోషపడింది జయశీల. వాగు ఒడ్డున ఉండే ఆఖరి మడి ఆమెది. పొద్దున విమానాశ్రయం దగ్గరి హోటల్లో దుప్పట్లు ఉతుకుతుంది, మధ్యాహ్నం నుంచి పొలం.

"వాగు దాంక నిజంగ వస్తయా, బాపూ? యాడాది యాడాది చర్చిల కోత పండుగకు దుకాణంల కొన్న బియ్యమే పట్కపోతున్న. ఈసారన్న మా మడి బియ్యం పెడదామని ఉంది" అంది.

"గీటు మీదికే ఉన్నయి, బిడ్డా. ఏస్కో."

కట్ట కిందే పొలమున్న జగదీశ్ నవ్వాడు. అతను క్యాబ్ కూడా నడుపుతాడు. "నా బండికున్నట్టు తూముకు మీటర్ పెట్టు కాకా. ఎంత దూరం పోతయో ముందే తెలుస్తది."

"నీ మీటర్ సంగతి నీ బండెక్కినోళ్ళను అడుగుదాం తియ్" అన్నాడు కుర్మయ్య.

నాట్లు పడ్డాయి. పల్లమంతా ఒకే పచ్చన. వరి పొట్టకొచ్చే వేళకు కుర్మయ్యకు ఏదో తేడా కొట్టింది. తూము ఎత్తిన ప్రతిసారీ కుంట తను అనుకున్నదానికంటే ఎక్కువ దిగుతోంది. తూముకు ఎక్కడైనా కన్నం పడిందేమోనని తడిమి చూశాడు, లేదు. కట్ట పొడుగూతా నడిచాడు, ఎక్కడా కారడం లేదు. ఇక కుంట చుట్టూ నడిచి అవతలి గట్టుకు పోయాడు.

అక్కడ ఆయన కాళ్ళు ఆగిపోయాయి. కుంట నిండితే నీళ్ళు మోదుగు చెట్ల మొదళ్ళ దాకా పరుచుకునేవి. ఇప్పుడు ఆ చోటంతా ఎర్రమట్టి పోసి చదును చేసి ఉంది. ఎవరో వెంచర్ వాళ్ళు రంగు రాళ్ళు కూడా పాతారు. గీటు ఉన్నచోటే ఉంది. కుంటే చిన్నదైంది. గీటు దాకా నిండినా మునుపటి నీళ్ళు లేవు.

ఇంటికొచ్చి పార కడగకుండానే కూలబడ్డాడు. భార్య రుక్కమ్మ ఆ పారను చూసింది, ఆయన ముఖాన్ని చూసింది.

"ఏందయ్యా గట్లున్నవ్?"

చెప్పాడు. "రాయిని చూసిన గని కుంటను చూడలె."

"ఇగ పరేషాన్ అయితే నీళ్ళు వస్తయా? నువ్వు ఏస్కొమ్మంటెనే ఏసింది ఆ పిల్ల. ఆమె మడి పండాలె. గదేదో చూడు" అంది రుక్కమ్మ.

కుర్మయ్యకు కట్ట కింద తన సొంత మడి ఒకటుంది. మర్నాటి నుంచి దానికి నీళ్ళు ఆపేశాడు. కట్టను ఆనుకున్న మడుల్లో ఎప్పుడూ జాలు ఉంటుంది. కుంట నీళ్ళు కట్ట అడుగు నుంచి ఊటలా దిగి మట్టిని తడిగా ఉంచుతాయి. ఆ తడి చాలుతుందా లేదా అన్నది తన మడిలోనే తేల్చుకోవాలనుకున్నాడు. మరో రెండు వంతులు గడిచినా మడి నెర్రె విచ్చలేదు. మడమతో తొక్కితే నీరు చెమర్చింది. వరి వాడలేదు.

అప్పుడు అందరినీ కట్ట మీదికి పిలిచాడు. అవతలి గట్టును చూపించి, తప్పు తనదేనని చెప్పాడు.

"ఇగ నుంచి తోక మొదలు" అన్నాడు. "నీళ్ళు ముందుగాల జయశీల మడికి పోతయి. ఆడికెల్లి మీదికి వద్దాం. కట్ట కిందోళ్ళకు జాలు సరిపోతది."

జగదీశ్ ముఖం ముడుచుకుంది. "నా గడప ముంగటి నీళ్ళు నన్ను దాటి పోవాల్నా కాకా?"

"జర కిందికి దిగి నా మడి తొక్కి చూడు. చెప్పులు ఇడువు."

జగదీశ్ చెప్పులు విడిచి దిగాడు. పాదం చీలమండ దాకా దిగింది. లాక్కోబోతే ఇంకా దిగింది. కట్ట మీద నవ్వులు.

"ఎప్పటి సంది నీళ్ళు బంద్ చేసినవ్ దీనికి?" అన్నాడు ఆ బురదలోంచే.

"గుట్ట మీద మోదుగు పూత మొదలైనప్పటి సంది."

జగదీశ్ పూసి రాలుతున్న మోదుగుల వైపు చూశాడు. కాలు లాక్కోవడానికి చెయ్యి ఇమ్మన్నాడు.

"నా మడికి తడి తక్కువైతే మాత్రం నీ ఇంటి ముంగట కూసుంట" అన్నాడు బయటికొచ్చాక.

"కూసో. రుక్కమ్మ చాయ్ పోస్తది."

నీళ్ళు తోక దాకా పోవాలంటే కాలువ దారిలో తాగకూడదు. ఎండ్రికాయలు దాన్ని జల్లెడలా తొలిచి ఉన్నాయి. అందరూ పారలతో దిగారు. కుర్మయ్య ముందు నడిచి ఒక్కో బొక్కలో చెయ్యి పెట్టి లోతు చూశాడు. పైపైన మట్టి కప్పనివ్వలేదు. బొక్కను అడుగు దాకా తవ్వించి, కుంట బంకమట్టిని పిసికించి, మడమతో కూరించాడు. జయశీల హోటల్ నుంచి రాగానే చీర కొంగు దోపుకుని మట్టి తొక్కింది.

"దుప్పట్లు తొక్కిన కాళ్ళు బాపూ ఇవి. నీ మట్టి ఏ లెక్క?" అంది.

ఆ సాయంత్రం తూము ఎత్తారు. కుర్మయ్య నీళ్ళ మొనతో పాటే కాలువ గట్టు మీద నడిచాడు. నీళ్ళు జగదీశ్ మడి దాటాయి, తన మడి దాటాయి, ఎక్కడా ఆగకుండా వాగు ఒడ్డుకు చేరి జయశీల మడిలోకి జారాయి. ఆమె వంగి దోసిట్లో తీసుకుని ముఖం కడుక్కుంది.

మట్టి సంగతి ఊరంతా వెళ్ళి వెంచర్ వాళ్ళను అడిగింది. ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది. వరి మాత్రం దాని కోసం ఆగలేదు. పాలు పోసుకుంది, గింజ గట్టిపడింది, తల వంచింది. జగదీశ్ పొలంలోనూ పంట బాగానే వచ్చింది. అతనికి కుర్మయ్య ఇంటి ముందు కూర్చునే పని పడలేదు, చాయ్‌కి మాత్రం వచ్చి పోతున్నాడు.

కోతలయ్యాక జయశీల కల్లంలోంచి ముందు ఒక చేటెడు వడ్లు చర్చి కోసం వేరుగా తీసిపెట్టింది. తర్వాత చేటతో కుర్మయ్య గోనెలో పోసింది. ఆయన చాలన్నాడు. ఆమె వినలేదు.

"తప్పు చెప్పినోనికి గింత పోస్తరా, బిడ్డా?"

"మా మడి దాంక నడిచొచ్చినోనికి పోస్తున్న. గోనె జర మంచిగ పట్టు."

కుంట అడుగంటి తూము రాయి మొత్తం బయటపడిన రోజున కుర్మయ్య రాళ్ళు కొట్టే కొండల్‌ను వెంటబెట్టుకుని దిగాడు. పాత గీటు మీద అరచేయి ఆనించి, దానిపైన ఇంకో జానెడు కొలిచి బొగ్గుతో గీశాడు.

"పాతదాన్ని చెక్కెయ్యాల్నా?" అడిగాడు కొండల్.

"ఉండనీ. కుంట ఒకప్పుడు ఎంతుండెనో తెల్వాలె గద. కొత్తది జర లోతుగ కొట్టు."

కొండల్ ఉలి ఆనించాడు. కుర్మయ్య పక్కనే గొంతుక్కూర్చుని, రాలే పొడిని ఎప్పటికప్పుడు చేత్తో తుడుస్తూ గీటు తిన్నగా వస్తోందో లేదో చూస్తూ ఉన్నాడు.