పాస్టరమ్మగారి ఆమెన్

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే! రిజల్ట్ వచ్చిన రోజు రాజమండ్రి బస్సులో పక్క సీటు ఆవిడకు ఆ కబురు చెప్పేశాను. ఆవిడ ఓ పల్లెలో పాస్టరుగారి భార్యట. సంతోషించి, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆవిడ వేలికి ఓటు సిరా ఇంకా పోలేదు.

"మీ సంఘమంతా ఎప్పుడూ ఒకే పార్టీకి వేస్తారటగా అండీ?" అనడిగాను.

"వేస్తారమ్మా. ఈసారి నేనే వెయ్యలేదు. మా పేట మంచినీళ్ల కోసం తిరిగినాయన అవతలి పార్టీలో ఉన్నాడు. ఆయనకేశాను."

"పాస్టరుగారికి తెలుసాండీ?"

"ఎక్కడ! మన పార్టీ గెలవాలని ఆయన ప్రార్థన చేస్తే, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనేనమ్మా. ఓటు గురించి బెంగ లేదు. దేవుడి దగ్గర అన్న ఆ అబద్ధపు ఆమెనే నిద్రపట్టనివ్వట్లేదు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పేటప్పుడు లేచి, అందరి ముందూ చెప్పేస్తాను."

"సంఘం ఊరుకుంటుందాండీ?"

"సంఘం దాకా ఎందుకు, ముందు మా ఆయన ఊరుకోవాలిగా!" అని నవ్వి, ఒళ్లోని బరువు సంచీ దగ్గరకు లాక్కున్నారు.

రావులపాలెంలో పాస్టరుగారు బండితో ఎదురుచూస్తున్నారు. ఆవిడ వెనక కూర్చుని, ఆయన చెవిలో ఏదో చెప్పారు. కదలబోయిన బండి ఆగిపోయింది. నేను కిటికీలోంచి మెడ చాచాను. ఆయన తిరగకుండానే చెయ్యి వెనక్కి చాచి, ఆవిడ ఒళ్లోని బరువు సంచీ అందుకుని ముందు పెట్టుకున్నారు.