భూమవ్వ వడియాల మంచం

లక్సెట్టిపేట సాలెవాడలో ఇరవై ఏళ్లపాటు మగ్గాల చప్పుడు కంటే ముందు ఒక మాట వినిపించేది.

"భూమవ్వా, ఇయ్యాల పడుగు సాపచ్చునా?"

చీర నిలువు దారాలే పడుగు. తెల్లవారగానే దాన్ని వీధి పొడవునా కర్రల మీద సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. ఆరేలోగా వాన పడిందా, గంజి కరిగి దారాలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఉక్కపోత ఎక్కువైనా కష్టమే, ఎంతసేపటికీ జిగట వదలదు. అందుకే వాడలో పడుగు సాచే ముందు ఎవరో ఒకరు ఆకాశం సంగతి చెప్పాలి. ఆ చెప్పేది భూమవ్వ.

పన్నెండేళ్లప్పుడు హుజూరాబాద్ నుంచి కోడలిగా వచ్చిన ఆమెకు ఈ విద్య అత్త నేర్పింది. పొద్దున్నే ఉప్పు కుండలో చెయ్యి పెట్టేది. తడి తగిలితే గాలిలో నీళ్లున్నట్టు. తర్వాత వాకిట్లో నిలబడి, గోదావరి వైపు నుంచి గాలి వస్తుందో లేదో చెంపతో చూసేది. ఎండ మండిపోతుంటే "వద్దు" అని, మబ్బు పట్టి ఉంటే "సాపుండ్రి" అని చెప్పిన రోజులున్నాయి. ఒక్కసారీ మాట తప్పలేదు. నేసిన చీర మీద పేరు భర్త రామచంద్రానిది. ఇల్లు అత్తమామలది. ఆకాశం ఒక్కటే భూమవ్వది.

ఆ ఆకాశాన్ని నర్మద పట్టుకుపోయింది.

నర్మద ఎదురింటి అంబదాస్ భార్య, కొత్త కోడలు. అంబదాస్ నేతగాళ్ల సంఘంలో గుమాస్తా. సంఘం వాళ్లు ఇప్పించిన రేడియో అతని ఇంట్లోనే ఉండేది. అందులో వాతావరణం చెబుతారని తెలిసిన రోజు నుంచి జనం భూమవ్వ గడప దిగి ఎదురింటి గడప ఎక్కారు. పైగా నర్మద చెప్పింది చెప్పినట్టు జరిగేది. రెండు ఎండాకాలాలు గడిచాయి, ఒక్కసారీ తప్పలేదు.

భూమవ్వకు ఆ పిల్ల ఏం చేసినా గుచ్చుకునేది. తలుపు చాటు నుంచి సగం ముఖం పెట్టి మెల్లగా మాట్లాడటం గుచ్చుకునేది. అంత మెల్లగా చెప్పినా పదిమంది చెవులు రిక్కించి వినడం మరీ గుచ్చుకునేది.

"డబ్బ చెప్తే ఈమె చెప్తది. అందుల గొప్పేమున్నదట?" అని నీళ్ల కాడ అంటే, పక్కింటి కొమురవ్వ నవ్వింది.

"నీ ఉప్పు కుండకు గొంతు లేకపాయె భూమవ్వా, ఉంటే నిన్నే అడుగుదుము."

ఆ నవ్వునైనా ఓర్చుకుంది. కానీ పంతొమ్మిదివందల అరవై రెండు రోహిణి కార్తెలో ఒక పొద్దున రామచంద్రం ముఖం కడుక్కుంటూ అన్న మాటను ఓర్చుకోలేకపోయింది.

"పెండ్లి చీరల పడుగు తయారైంది. రేపు సాపాలె. పొద్దుగాలనే నర్మద ఏమంటదో అడిగొస్త."

ఇన్నేళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికిన మనిషి!

మర్నాడు తెల్లవారుజామున ఉప్పు కుండలో చెయ్యి పెట్టింది. వేళ్లు తడిశాయి. వాకిట్లోకి వచ్చింది. ఆకు కదలడం లేదు. ఒంటికి చీర అంటుకుపోతోంది. మధ్యాహ్నం లోపలే గాలివాన. చేతిలో గీత కనిపించినంత స్పష్టంగా తెలిసింది.

తెలిసీ, పిండి ఉడికించి, వాకిట్లోని మంచం మీద పాత ధోవతి పరిచి, వరుసగా వడియాలు పెట్టింది. రేపు ఎవరైనా "నీకు తెలిసీ చెప్పలేదా" అంటే, "తెలిస్తే వడియాలు పెడుదునా?" అనడానికి. తడిస్తే తడవనీ. రేడియో నోరు ఒక్కసారి మూతపడితే చాలు.

కాసేపటికి రామచంద్రం ఎదురింటి నుంచి వచ్చాడు.

"సాపుమన్నది."

"సాపు మరి. డబ్బ చెప్పినంక నాదేమున్నది?"

పడుగు సాచారు. గంజి పట్టించారు. ఎండ పైకొచ్చేకొద్దీ ఉక్క పెరిగింది తప్ప గంజి ఆరలేదు. కుంచె పట్టిన రామచంద్రం మోచేతుల నుంచి చెమట కారుతోంది. భూమవ్వ అరుగు మీద కూర్చుని చూస్తోంది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది మాట. రెండుసార్లూ ఎదురింటి తలుపు చాటున నర్మద కొంగు కనబడింది. మాట లోపలికి పోయింది.

గోదావరి వైపు ఆకాశం నల్లబడటం, దుమ్ము లేవడం, చినుకులు పడటం ఒక్క గడియలో జరిగిపోయాయి. వాడంతా పరుగెత్తింది. పడుగు చుట్టి లోపలికి తెచ్చేసరికి గంజి తెల్లగా కారుతూ ఉంది. మంచం మీద వడియాలు మళ్లీ పిండయ్యాయి.

వాన వెలిసింది. జనం మధ్యకు నర్మద వచ్చి నిలబడింది. ఈసారి తలుపు చాటు లేదు.

"తప్పు నాదే మామా," అంది రామచంద్రంతో. "నన్ను ఎంతన్నా పడుత."

చుట్టూ ఉన్నవాళ్లు "పోనీ తియ్యి బిడ్డా, వాన మన చేతులున్నదా" అన్నారు. ఆ ఓదార్పు చూసి కూడా భూమవ్వకు కడుపు మండింది.

అందరూ పోయాక నర్మద ఆమె దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మా, ఇయ్యాల నీకు గూడ తెల్వలేదా?"

"నన్నడుగుతవేందే? నీ రేడియో లేదా?"

"రేడియోల మన దిక్కు ముచ్చట యాడొస్తది? ఎప్పుడు జూసినా సముద్రం ఒడ్డుదే. బందరుల ఉక్కపోత, ఇశాఖపట్నం కాడ గాలివాన. మొదటిరోజు అందరొచ్చి అడిగితే తెల్వదనడానికి సిగ్గయింది. అప్పుడు నీ మంచం కనబడ్డది. నువ్వు వడియాలో మిరపకాయలో ఆరబెడితే సాపుమంటి. పెట్టకుంటే వద్దంటి. రెండేండ్ల సంది గంతే."

భూమవ్వ చేతిలోని తడి ధోవతి జారిపోయింది. రెండేళ్లుగా వాడంతా విన్నది తన మాటే! నర్మద నోటితో విన్నారు, అంతే.

ఇప్పుడు తెలియదంటే విద్య పోతుంది. తెలుసంటే మనిషితనం పోతుంది. లోపల రామచంద్రం అతుక్కున్న దారాలను ఒక్కొక్కటే విడదీస్తున్న చప్పుడు కూడా ఆగింది. అతనూ వింటున్నాడు.

"తెలుసు," అంది భూమవ్వ. "పొద్దుగాలనే ఉప్పు తడిసింది."

నర్మద కిందపడ్డ ధోవతి తీసి మంచం మీద వేసింది.

"మామ పడుగు గద అత్తమ్మా," అని మాత్రం అని వెళ్లిపోయింది.

పడుగు దారాలు విడదీయడానికి మొగుడూ పెళ్లాలకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ రామచంద్రం "ఆ కొస పట్టు", "ఈ కొస ఇడువు" తప్ప మాట్లాడలేదు.

రేడియో మాటలు సముద్రం ఒడ్డు వాళ్లకే పనికొస్తాయని, భూమవ్వనే అడగమని నర్మద అందరికీ చెప్పింది. వడియాల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. జనం మళ్లీ భూమవ్వ గడప ఎక్కారు. ఆమె ఉప్పు చూసి చెబుతూనే ఉంది, మాట తప్పడం లేదు.

సాపుమని చెప్పి పంపించిన రోజల్లా వాకిట్లో మంచం వాల్చి, ఏదో ఒకటి ఆరబెడుతుంది. గుప్పెడు మిరపకాయలైనా సరే. తర్వాత అరుగు మీద కూర్చుని ఎదురింటి వైపు చూస్తుంది. ఆ తలుపు చాటున కొంగు కనబడుతుందేమోనని.