మూడు నిమిషాల సువార్త

ఎదురు చెప్పకుండా వినే మనిషి దొరకడం ఈ లోకంలో అంత తేలిక కాదు. ఉపన్యాసకుడి ముందు జనం ఆవలిస్తారు, మేష్టారి వెనక పిల్లలు ఇకిలిస్తారు, కట్టుకున్నవాళ్ళ సంగతి సరేసరి. ఆ లెక్కన క్షౌరం చేసేవాడు అదృష్టవంతుడు, కత్తి గొంతు మీద ఉంటుంది కనక. కానీ అతణ్ణీ తలదన్నినవాడు ఒకడున్నాడు. మెట్ల కింద గదిలో కట్టుడు పళ్ళు చేసే మేస్త్రి.

పళ్ళ సెట్టు కావాలంటే ముందు చిగుళ్ళ అచ్చు తియ్యాలి. గులాబీ రంగు పొడిని నీళ్ళతో గబగబా కలిపి, రేకు తొడుగులో నింపి, నోట్లో పెట్టి నొక్కి పట్టుకోవాలి. ఆ ముద్ద గట్టిపడడానికి మూడు నిమిషాలు. అంతసేపూ కూర్చున్నవాళ్ళు నోరు మెదిపితే అచ్చు చెడుతుంది. సరిగ్గా ఆ మూడు నిమిషాల్లోనే మేస్త్రి సువార్త చెప్పేవాడు. సృష్టితో ఎత్తుకుని, పాపం మీదుగా, జలప్రళయాన్ని ఒక్క గుక్కలో దాటేసి, సిలువ దగ్గర కాస్త గొంతు తగ్గించి, "మూడో నాడు లేచాడండీ!" అనేసరికి ముద్ద గట్టిపడేది. ఇరవై రెండేళ్ళలో ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు.

విన్నవాళ్ళు నోరు కడుక్కుని, మూతి తుడుచుకుని, "పళ్ళెప్పుడిస్తారు?" అని వెళ్ళిపోయేవారు.

"ఇన్నేళ్ళలో ఒక్కళ్ళన్నా, ఆ మాట ఇంకోసారి చెప్పండి అన్నారా?" అనేది భార్య, పక్కగదిలో పళ్ళకి మెరుగు పెడుతూ.

"విత్తడం నా వంతు. మొలిపించడం దేవుడి వంతు."

"విత్తుతున్నారా, కుక్కుతున్నారా?"

మేస్త్రి నవ్వేసేవాడు. కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి నిజంగా అడిగితే చాలు ప్రభువా అని పొద్దున్నే మోకాళ్ళ మీద అడిగేవాడు. లేచి, వచ్చిన మొదటి మనిషి నోట్లో ముద్ద పెట్టేసేవాడు.

ఒకనాడు రిటైరైన లెక్కల టీచరమ్మ వచ్చింది. మిగిలిన నాలుగు పళ్ళూ రెండు నెలల కిందటే తీయించుకుందట. కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒళ్ళో సంచీ, సంచీ మీద కాయితం, చేతిలో పెన్ను పెట్టుకుంది. పిల్లల తప్పులు దిద్దీ దిద్దీ ఆ చేతికి పెన్ను లేకపోతే తోచదు కాబోలు. మేస్త్రి తొడుగు నోట్లో పెట్టాడు, గడియారం చూశాడు, సృష్టి మొదలుపెట్టాడు.

పాపం దగ్గరికి రాగానే ఆవిడ కాయితం మీద రాసి చూపించింది: "ఒక ప్రశ్న."

"చివర్లో అడుగుదురు గానీ అమ్మా," అని ఆయన జలప్రళయంలోకి దిగాడు.

పెన్ను మళ్ళీ కదిలింది. "చివర్లో నోరు కడుక్కోమంటారు."

మేస్త్రి తడబడ్డాడు. ఆవిడ ఆగలేదు. "మనశ్శాంతి కోసం చాలా చోట్లకి వెళ్ళాను. అందరూ జవాబులే ఇచ్చారు. ప్రశ్న ఎవరూ వినలేదు. మీరూ అంతేనా? అయితే పళ్ళు పుచ్చుకుని పోతాను."

గడియారంలో ఇంకా ఒకటిన్నర నిమిషం ఉంది. సిలువ ఇంకా రానే లేదు. ముద్ద ఇంకా పచ్చిగా ఉంది. మేస్త్రి ఒక్క లాగు లాగి తొడుగు బయటికి తీసేశాడు. గులాబీ రంగు ముద్ద టీచరమ్మ గడ్డం మీదుగా కారింది.

చప్పుడుకి భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందండీ?"

"అచ్చు పోయింది."

"అది కనిపిస్తూనే ఉంది. మీకేమైందంట?"

"అడగండమ్మా," అన్నాడు మేస్త్రి టీచరమ్మకి తువ్వాలు అందిస్తూ.

ఆవిడ తీరిగ్గా గడ్డం తుడుచుకుంది. పళ్ళు లేని నోట్లో మాటలు జారిపోతున్నా వదలకుండా చెప్పింది. చెల్లెలితో ఏదో చిన్నమాట మీద చెడింది. చెల్లెలు ఉత్తరం రాస్తే ఈవిడ విప్పకుండా తిప్పి పంపేసింది. ఆరు నెలలకి చెల్లెలు పోయింది. "తప్పు నాదే. క్షమించమని ఎవర్ని అడగను? అడగాల్సిన మనిషి లేదుగా."

మేస్త్రి నాలుక మీద నాలుగు బైబిలు వాక్యాలు వరసలో నిలబడ్డాయి. నోరు తెరవబోయి భార్య వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన వాటిని మింగాడు. అన్నం మెతుకు అడ్డం పడ్డట్టు దగ్గొచ్చింది కూడా.

"మీ చెల్లెలి సంగతి నేను చెప్పలేనమ్మా," అన్నాడు చివరికి. "నా సంగతైతే చెప్పగలను. ఒకప్పుడు తాగి ఈవిడ మీద చెయ్యెత్తాను. ఆ రోజుల్లోకి వెనక్కెళ్ళి నేను చెయ్యి దించలేను. ఈవిడ క్షమించింది, అయినా నన్ను నేనే చూసుకోలేకపోయేవాణ్ణి. అప్పుడు యేసు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. ఆయన నన్ను తోసెయ్యలేదు. నాకు తెలిసిందల్లా అంతే."

టీచరమ్మ తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంత మాట దగ్గర పెట్టుకుని జలప్రళయం దాకా తిప్పారేమిటండీ?" అంది టీచరమ్మ.

"బాగా అడిగారు," అంది భార్య కళ్ళొత్తుకుంటూ.

"నేనూ చెప్పుకోవచ్చా ఆయనకి? నాకు మీ చర్చి మాటలేవీ రావు."

"వచ్చిన మాటలే చెప్పండమ్మా. నా అంత వాగుడు అక్కర్లేదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "నేనే, లెక్కల టీచర్ని. ఆ ఉత్తరం తిప్పి పంపింది నేనే," అని మొదలుపెట్టి ఆగిపోయింది. మేస్త్రి పెదవులు తరవాతి మాట అందించడానికి రెండుసార్లు కదిలాయి. రెండుసార్లూ మూసుకున్నాడు.

కొంతసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, ముక్కు చీదుకుని, కుర్చీలో మళ్ళీ నిటారుగా సర్దుకుంది.

"ఇంకో ముద్ద కలపండి. అచ్చు తియ్యాలిగా. ఈసారి మాత్రం మీరు నోరెత్తకండి. నేను ఆయనతో చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది."

మేస్త్రి ముద్ద కలిపాడు, తొడుగు పెట్టాడు, నొక్కి పట్టుకున్నాడు. టీచరమ్మ మూసిన కనురెప్పల కింద నుంచి నీళ్ళు చెంపల మీదుగా ఆయన వేళ్ళ మీదికి దిగుతున్నాయి. మూడు నిమిషాలు ఇంత పొడుగుంటాయని ఆయనకి ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ తెలియలేదు.