వామి కాడి మలుపు

మొన్న మా బావ శనగచేనికి మందు కొట్టించడానికి డ్రోను తెప్పించాడు. వీపున డబ్బా కట్టుకుని సాళ్ళ వెంట నడిచే మనుషులు దొరకడం లేదని ఇప్పుడు మా వైపు ఊరికొక డ్రోను తిరుగుతోంది. తుమ్మెద మాదిరి బుర్రుమంటూ వచ్చి, మనం బీడీ ముట్టించి ఆర్పేలోగా ఎకరా తడిపి పోతుంది. దాన్ని నడిపే అతను పైనుంచి ఒక ఫోటో తీసి, "అన్నా, మీ చేలో పైరు ఒకచోట వంకర గీత మాదిరి పలచగుండాది, తెగులేమో సూసుకో" అని మా బావకు పంపించాడట. మా బావ దాన్ని నాకు పంపాడు. నేను నంద్యాలలో నా షెడ్డులో ఒక ఆటో కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని చూశాను. పచ్చటి చేను, దాని నడుమ పాలిపోయిన నాలుగైదు వంపులు. చివరి వంపు గట్టు దాకా వచ్చి అక్కడ చటుక్కున కుడికి తిరుగుతోంది. అది తెగులు కాదు. అది మేము పెట్టిన ర్యాలీ డ్రైవింగు స్కూలు. ఆ చివరి వంపు నేను తిరగని మలుపు.

స్కూలు అనే మాట నా నోట వింటే మా అక్క ఇప్పటికీ నవ్వుతుంది. నా చదువు ఎనిమిదో తరగతి సగం. సగం అని ఊరికే అనడం లేదు, అది నిజంగానే మధ్యలో ఆగింది. ఆళ్ళగడ్డ బడిలో మా తెలుగు టీచరమ్మ డిక్టేషన్ చెబుతోంది. బయట రోడ్డు మీద ఒక లారీ ఆగి, బుస్సుమని గాలి వదిలింది. ఆ శబ్దం నా చెవికి టీచరమ్మ చెప్పే దానికంటే వివరంగా వినిపించింది. కలం బల్ల మీద పెట్టి, లేచి, లారీ చూసి వద్దామని పోయాను. అంతే. ఆ లారీ వెంట నంద్యాల షెడ్డుకు చేరిన వాణ్ణి, షెడ్డుల్లోనే పెరిగి, చివరికి నా పేరున ఒక షెడ్డు పెట్టుకున్నాను. నోటు పుస్తకం ఇంకా ఆ బల్ల మీదే ఉండాలి.

మా బావది వేరే పిచ్చి. ఆళ్ళగడ్డ పక్క పల్లెలో తాతల నాటి నల్లరేగడి చేసుకునే కుటుంబం వాళ్ళది. వయసులో ఉన్నప్పుడు కర్ణాటకలో కాఫీ తోటల వైపు ఎవరిదో పెళ్ళికి పోయి, దారిలో ర్యాలీ కార్లు చూశాడు. మట్టి రోడ్డు మీద పందెం వేసుకుని, పక్కకు జారుకుంటూ పోయే కార్లు. ముహూర్తం దాటిపోయిందాకా అక్కడే నిలబడ్డాడు. పెళ్ళి ఎవరిదని అడిగితే ఇప్పటికీ తడుముకుంటాడు కానీ, మూడో కారు వెనక చక్రం ఎటు జారిందో మాత్రం చేత్తో చూపిస్తాడు. ఆ చూపించడం నేను నా జన్మలో రెండు వందల సార్లయినా చూసి ఉంటాను. పన్నెండేళ్ళ కిందట మావాళ్ళు కొందరు పాణ్యం రోడ్డు మీద ఆదివారాలు కార్ల పందేలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఒక విత్తనాల షాపాయన భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ని ఆస్పత్రిలో చూసి వస్తూ మా బావ, "రోడ్డు మీద చచ్చేకన్నా చేలో నేర్చుకుంటే పోలా" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

చేను మాత్రం అప్పట్లో ఆయన చేతిలో లేదు, ఆయన నాయన చేతిలో ఉంది. నాకు మామ. మామ మాట్లాడే మాటలు రోజుకు పది దాటేవి కావు, వాటిలో నాలుగు ఎద్దులకే పోయేవి. మేమిద్దరం ఆయన ముందు నిలబడి చెప్పిందంతా విన్నాడు. పన్నెండెకరాల చెక్క ఒక పంటకాలం బీడు పెట్టాలి, అందులో కార్లు తోలాలి.

"కార్లు తోలి ఏం పండిస్తావప్పా?" అన్నాడు నాతో.

"డ్రైవర్లను, మామా."

"అవి మా కలుపులోనే మొలుస్తాండాయి గదా." అంటూనే పడమటి గట్టు వైపు చూపించాడు. గట్టు అవతల చేను దాయాదులది. ఆ గట్టు కోసం వాళ్ళ నాయనలు కోర్టుకు పోయి, తలలు నెరిసి తిరిగొచ్చారు. ఇప్పుడు రెండు ఇళ్ళ మధ్య మాటలున్నాయి కానీ గట్టు మీద ఎవరూ కాలు పెట్టరు. "ఒక్క చక్రం ఆ గట్టు దాటిందా, మర్నాడు పొద్దున్నే దున్నేస్తా. ఎవురు దాటిచ్చినా సరే."

మా బావ సరేనన్నాడు. అంత సంతోషంగా సరే అన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

రెండు నెలలు పట్టింది. మలుపుల దగ్గర చక్రం దిగబడకుండా ట్రాలీల కొద్దీ గరుసు కంకర పోయించాం. మూడు చచ్చిన కార్లు కలిపి నేను ఒక కారును బతికించాను. పల్టీ కొట్టినా పైకప్పు నెత్తిన కూర్చోకుండా లోపలంతా ఇనుప పైపులు అతికాను. మా అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, "కోళ్ళగంప బాగా చేసినావు" అంది. బెంగళూరు నుంచి ఒక కోచ్ సారు శని ఆదివారాలు రావడానికి ఒప్పుకున్నాడు. వయసులో ర్యాలీలు తోలిన మనిషి, సగం కన్నడం, సగం తెలుగు, భోజనానికి మా అక్క చేసే జొన్నరొట్టెలు తప్ప ఇంకేమీ అడగలేదు. తొమ్మిది మందిమి చేరాం. భుజానికి కట్టుతో విత్తనాల షాపాయన, ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి ఒకాయన, మిడుతూరు నుంచి ఇద్దరు ట్రాక్టరు తోలేవాళ్ళు, అట్లాంటి మేధావులమే అందరమూ.

మొదటి రోజే గొడవ. ర్యాలీ కారులో ఇద్దరుంటారట. ఒకడు తోలుతాడు, పక్కన ఇంకొకడు కూర్చుని రాబోయే మలుపును ముందే చదివి చెబుతాడు. తోలేవాడు చెవితో తోలాలి, కంటితో కాదు అన్నాడు సారు. పక్కన కూర్చోవడానికి మాలో ఒక్కడూ ఒప్పుకోలేదు.

"చదివేదానికైతే ఇంట్లో పేపరు చదువుకుంటా గదప్పా, ఈడికెందుకొస్తా" అన్నాడు శిల్పి.

మరుసటి శనివారం మా బావ ట్రాక్టరు కాకుండా సొంత కారు కడిగించుకుని ఆళ్ళగడ్డ పోయి, చర్చి వెనక సందులోంచి ఒక మనిషిని తీసుకొచ్చాడు. తెల్ల చీర, నల్ల గొడుగు, చేతిలో గుడ్డ సంచి. రిటైరైన మా టీచరమ్మ. మాలో సగం మంది చేతిలో బీడీలు గబుక్కున వెనక్కి పోయాయి. ఆమె అందర్నీ చూసి నా దగ్గర ఆగింది.

"ఆ రోజు ఎక్కడికి పోయినావు?"

"లారీ చూసేదానికి, టీచర్."

"చూసినావా?"

"ఇంకా చూస్తానే ఉండా, టీచర్."

ఆమె నవ్వలేదు కానీ గొడుగు మూసి నా చేతికిచ్చింది. అంటే క్షమించినట్టే.

డిక్టేషన్ చెప్పేటప్పుడు ఆమెదొక పద్ధతి. ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. గొంతు పెంచదు, తగ్గించదు. మనం ఒక వాక్యం రాస్తూ ఉండగానే తరువాతి వాక్యం చెప్పేస్తుంది. రాస్తూ వినడం చేతగానివాడు వెనకబడతాడు. బడిలో నాకు నరకంగా తోచిన ఆ పద్ధతే ర్యాలీలో కావలసిందట. ఒక మలుపులో ఉండగా తరువాతి మలుపు చెవిలో పడాలి. ఆమె చదువుతుంటే సారు కళ్ళు మూసుకుని విని, "ఇదే బేకు, ఇదే బేకు" అన్నాడు. ఇదే కావాలని. ఆమెను చూశాక సిగ్గుపడి మిగిలిన ఎనిమిది మందీ జంటలుగా కుదిరారు, ఆమెను నా పక్కన కూర్చోబెట్టారు. ఎందుకంటే మిగిలినవాళ్ళు ఆమె పక్కన కూర్చుంటే అక్షరాలు తప్పుతాయేమోనని భయపడ్డారు. నాకు అక్షరాలే లేవు కాబట్టి భయం లేదు.

ఆ రెండున్నర నెలలు తలుచుకుంటే నాకు ముందు వాసనలే గుర్తొస్తాయి. ఎండిన రేగడి దుమ్ము, కాలిన బ్రేకులు, హెల్మెట్లలో తొమ్మిది రకాల కొబ్బరినూనె. ఆదివారం ప్రార్థన ముగిసిందాకా టీచరమ్మ రాదు కాబట్టి మా స్కూలు పన్నెండింటికి మొదలయ్యేది. ఆమె తెల్ల చీర మీద దుమ్ము పడకుండా వానకోటు తొడుక్కునేది. మండే ఎండలో, బీడు చేలో, వానకోటు వేసుకుని హెల్మెట్ పెట్టుకున్న టీచరమ్మను చూడడానికి పాములపాడు నుంచి కూడా జనం వచ్చారు. గుడ్డ సంచిలో బైబిలూ మలుపుల పుస్తకమూ పక్కపక్కనే ఉండేవి. మలుపులకు సారు అంకెలు ఇచ్చాడు. ఆరు అంటే తిరిగినట్టే తెలియదు, ఒకటి అంటే ఎద్దు తిరిగినంత ఇరుకు. రెండు అంటే బ్రేకు తొక్కాల్సిందే. మలుపుకు మలుపుకు మధ్య దూరం మీటర్లలో. మా బావ తూర్పు గట్టు మీద ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడి, కారు పక్కకు జారుతుంటే ఏ సినిమా చూసినా నవ్వనంతగా నవ్వేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. బాగా తోలిన జంటను సారు బెంగళూరు దగ్గర జరిగే కొత్తవాళ్ళ ర్యాలీకి తీసుకుపోతాడు. ముందు వారం ఎవరి మలుపులు వాళ్ళు తిరిగి చూసి రాసుకోమన్నాడు. ఇక్కడే మావాళ్ళ బుద్ధి బయటపడింది. పల్లెలో దారి అడిగితే ఎవడూ మీటర్లు చెప్పడు. మేము కూడా "బోరు మోటరు కాడ ఎడమ", "వామి దాటినాక కుడి" అని రాసుకున్నాం. సారుకు తెలుగు చదవడం రాదు, మేము రాసింది చూసి తల ఊపాడు. వామి అంటే పడమటి గట్టు మూలన మామ వేసిన గడ్డివాము, ఇల్లంత ఎత్తు. టీచరమ్మ నా రాత చూసి ఎర్ర కలంతో వామిని కొట్టేసింది. తన గొడుగు పట్టుకుని ఆ మలుపుకు నడిచిపోయి, అడుగులు కొలిచి, "నూరు, కుడి రెండు" అని రాసింది.

"వామి ఎద్దులు తినేది. తినేదాన్ని గుర్తు పెట్టుకుంటారా ఎవరైనా?" అంది.

"అంత వామి వారంలో తినే ఎద్దు ఉంటే దాన్నే ర్యాలీకి పంపిద్దాం టీచర్" అన్నాను. అందరూ నవ్వారు. పుస్తకంలో వామి పోయింది కానీ నా తలకాయలో అది కదలకుండా నిలబడే ఉంది.

ఆ శుక్రవారం మబ్బు పట్టింది. గడ్డి తడుస్తుందని మామ వామి మొత్తం ట్రాలీలకెత్తి ఇంటి కొట్టానికి తోలించాడు. ఆయన తప్పేమీ లేదు, రైతు చేసే పనే. శనివారం పొద్దున అందరికంటే ముందు నేనే తోలతానని పట్టుబట్టాను. కారు కట్టినవాణ్ణి నేను గదా అన్నాను. బయలుదేరే చోట నుంచి ఆ మూల కనిపించదు. మా బావ ఎర్ర తువ్వాలు దించాడు.

బాగా పోయింది. ఎంత బాగా అంటే, నా చేతులకు నేనే ముచ్చటపడ్డాను. "ఎడమ నాలుగు. అరవై. ఎడమ ఐదు." ఆమె గొంతు డిక్టేషన్ మాదిరే నడుస్తోంది. "నూరు, కుడి రెండు." నేను విన్నాను. విని, వామి కోసం చూశాను. వామి కనిపించలేదు. కనిపించలేదు కాబట్టి మలుపు ఇంకా రాలేదనుకున్నాను. కాలు తీయలేదు. ఆమె ఒక్కసారే చెబుతుంది, రెండోసారి చెప్పలేదు. గట్టు ఎక్కినట్టు, గాల్లో ఉన్నట్టు తెలిసింది. దిగిన చోట శనగచెట్లు బానెట్ మీదకు ఎగిరాయి.

కోళ్ళగంప గట్టిదే, ఇద్దరికీ గీత పడలేదు. ఇంజను ఆగాక టీచరమ్మ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కుడి రెండు అని చెప్పినానా?"

"చెప్పినారు, టీచర్."

"మరి?"

నేను దిగి అటు తిరిగి పోయి, ఆమె వైపు తలుపు తీసి పట్టుకున్నాను.

చేను గల దాయాది వచ్చి చూశాడు. "పది చెట్లు గూడా పోలేదు, పోనీలేప్పా" అన్నాడు, అదీ మా మామ ముఖం చూసి. మామ వంగి, పెరికిపడిన ఒక శనగచెట్టును తీసి, వేరు మట్టిలో పెట్టి కాలితో అదిమాడు. బతకదని ఆయనకు తెలుసు. సారు ఏదో చెప్పబోయాడు. "సార్, నువ్వు భోంచేసి పో" అన్నాడు మామ. మిగిలిన ఎనిమిది మంది హెల్మెట్లు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళకు వంతే రాలేదు. మా బావ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరుకు మడకలు కట్టి, చేను మొత్తం మా బావే దున్నాడు. మామ తూర్పు గట్టు మీద కూర్చుని చూశాడు. నేను కూడా పోయి కూర్చున్నాను. మామ జేబులోంచి వక్కపొడి తీసి నాకు కొంచెం పెట్టాడు. ఆయన పోయి ఇప్పటికి నాలుగేళ్ళు.

దున్నితే మన్ను కలుస్తుంది, గరుసు కలవదు. ఇన్నేళ్ళుగా ఆ వంపుల్లో పైరు పలచగానే వస్తోందని, నేను బాధపడతానని చెప్పలేదని, మొన్న ఫోను చేస్తే మా బావ అన్నాడు. "మరి ఇప్పుడెందుకు పంపినావు బావా?" అని అడిగాను. "పైనుంచి సూస్తే బాగుందప్పా. మనం మంచి మలుపులే ఏసినాం" అన్నాడు. అవతల చేత్తో ఏదో చూపిస్తున్నాడని నాకు తెలుసు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆళ్ళగడ్డ పోయి టీచరమ్మకు ఫోటో చూపించాను. ఇప్పుడు నడవడానికి గొడుగునే కర్రగా వాడుతోంది. కళ్ళజోడు తుడుచుకుని, ఫోను బల్ల మీద పెట్టించుకుని, ఆ గీత మీద వేలు పెట్టింది. "ఎడమ నాలుగు. అరవై. ఎడమ ఐదు." అదే గొంతు, పెరగలేదు, తగ్గలేదు. "నూరు" అని ఆగింది. వేలు గట్టు దగ్గర ఆగింది.

"కుడి రెండు" అన్నాను నేను.

"ఇప్పుడు విన్నావు" అంది టీచరమ్మ, ఫోను నా వైపు జరుపుతూ.

కాలం కూడా ఆమె మాదిరే ఒక్కసారే చెబుతుంది, అదీ మనం వెనకటి వాక్యం ఇంకా రాసుకుంటూ ఉండగానే.