బానెట్ మీద పసుపు

ఒమాన్ దేశంలోని ఇబ్రిలో నేను పదేళ్ల దాకా డెంటింగ్, పెయింటింగ్ పని చేశాను. ఊరి చివర గ్యారేజీలన్నీ ఒక్కచోట ఉండే సనాయియాలో మాదొక రేకుల షెడ్డు. అందులో పనివాళ్లం ఇద్దరమే. ఇంజన్ పని హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన భాయ్‌ది. రేకు పని, రంగు పని జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన నాది. భాయ్ నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నమాజు తప్పని మనిషి. మా యజమాని మస్కట్‌లో ఉండేవాడు. నెలకోసారి వచ్చి, షెడ్డు ఉన్నచోటే ఉందని చూసుకుని వెళ్లిపోయేవాడు.

తొంభైల మొదట్లో ఒక చలికాలం, తాడు కట్టి లాగించుకుంటూ ఒక కారును మా వాకిట్లోకి తెచ్చారు. పాత అమెరికా బండి. రెండే తలుపులు, మంచమంత బానెట్, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఐదేళ్లుగా ఖర్జూర తోటలో మట్టల కింద పడి ఉందట. వెనక సీట్లో పిల్లి ఈని వెళ్లిన ఆనవాళ్లున్నాయి. నేను తలుపు తట్టి చూస్తే దోసెడు తుప్పు రాలింది. భాయ్ బానెట్ ఎత్తి లోపలికి చూసి "యా అల్లా" అన్నాడు. అది సంతోషమో దిగులో నాకు తెలియలేదు.

బండి ఆసామి యాభై దాటిన ఒమానీ. మేము బాబా అని పిలిచేవాళ్లం. ఎడారిలో చమురు బావులకు సామాను తోలే ట్రైలర్ డ్రైవరు. పదిహేను రోజులు ఎడారిలో డ్యూటీ, పదిహేను రోజులు ఇంట్లో. వయసులో ఉన్నప్పుడు, పని ముగించుకుని దేశం వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర ఈ కారు కొన్నాడు. ఆ ఏడే పెళ్లి చేసుకుని, పెళ్లికూతుర్ని ఇందులోనే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు కొడుక్కి పెళ్లి కుదిరింది. కోడలు కూడా ఇదే బండిలో గడప దాకా రావాలని ఆయన పట్టు. ఊళ్లో అందరూ నవ్వారు. తమ్ముడైతే తన కొత్త జపాన్ కారు ఇస్తానన్నాడు. ఈయన వినలేదు.

"అక్టోబర్‌కు అవుతుందా, సదీఖ్?" అని నన్నే అడిగాడు. నా పేరు ఆయన ఎన్నడూ అడగలేదు, సదీఖ్ అనే పిలిచేవాడు. స్నేహితుడా అని దానర్థమే గాని, ఆ దేశంలో మా బోటి కూలీలందరినీ అలాగే పిలుస్తారు కాబట్టి నేను మురిసిపోలేదు. "ఇస్తా బాబా. కొత్త దానిలాగే ఇస్తా," అని మాట ఇచ్చేశాను. ముందూ వెనకా చూడకుండా మాట ఇవ్వడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

ఇంట్లో ఉన్న పదిహేను రోజులూ ఆయన పొద్దున్నే మా షెడ్డుకు వచ్చేవాడు. కావా అనే అరబ్బీ కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా పక్కన పెట్టుకుని, ఒక పెట్టె బోర్లించి దాని మీద కూర్చునేవాడు. మధ్యాహ్నం దాకా కదిలేవాడు కాదు. నేను సుత్తి ఎత్తితే చూసేవాడు, దించితే చూసేవాడు. ఒకరోజు జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి, నేను సాపు చేసిన తలుపు మీద అంగుళం అంగుళం జరిపాడు. కింద రేకుంటే అతుక్కుంటుంది, లప్పం పూసి సొట్టను కప్పేస్తే జారిపోతుంది. నాకు ఒళ్లు మండింది. లప్పంతో కళ్లుగప్పే రకం కాదు నేను. అయస్కాంతం ఎక్కడా జారలేదు. ఆయన నవ్వి ఖర్జూరం పెట్టాడు. తిన్నాను గాని తిరిగి నవ్వలేదు.

"గీ ముసలాయన సీఐడీ లెక్క కూసుంటడేంది భాయ్? మనం దొంగలమా?" అన్నాను ఆయన వెళ్లాక.

"బండి మీద పాయిరం తమ్మీ. కూసోనియ్యి, నీ సొమ్మేం బోయింది?" అన్నాడు భాయ్.

భాయ్ ఆ ఇంజన్‌ను నట్టు నట్టూ విప్పి, కడిగి, మళ్లీ కట్టాడు. చల్లటి దేశానికి చేసిన రేడియేటర్ ఇబ్రి ఎండకు ఆగదని, అంతకంటే పెద్దది తెప్పించి అమర్చాడు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టాడు. కోడలు చెమటలు కక్కుతూ దిగకూడదని ఏసీ కూడా బిగించాడు. వీటన్నిటికీ బాబా తల ఊపాడు. సైలెన్సర్ మార్చి చప్పుడు తగ్గిస్తానంటే మాత్రం ససేమిరా అన్నాడు. "చప్పుడు తీసేస్తే ఇక బండిలో ఏం మిగిలింది?" అని కోప్పడ్డాడు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం మొదటిసారి తాళం తిప్పాం. రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. బల్ల మీది స్పానర్లన్నీ గలగలలాడాయి. పక్క షెడ్ల వాళ్లు పనులు వదిలేసి వచ్చి నిలబడ్డారు. బాబా ఒక చెయ్యి బానెట్ మీద వేసి కళ్లు మూసుకున్నాడు. డాక్టరు నాడి చూస్తున్నట్టు చాలాసేపు అలాగే ఉన్నాడు. అప్పుడు మాత్రం నాకు ఆయన మీద కోపం లేకపోయింది.

తర్వాత వంతు నాది. డ్యాష్‌బోర్డు వెనక, ఎండ తగలని చోట పాత రంగు మిగిలి ఉంది. మీగడ రంగు. అక్కడ చిన్న రేకు ముక్క కోసి మస్కట్ పంపి, దాన్ని బట్టి రంగు కలిపించి తెప్పించాను. వాటర్ పేపర్‌తో రుద్ది రుద్ది వేళ్ల చివర్లు అరిగిపోయాయి. పెళ్లి గురువారం. అంతకు ముందు శుక్రవారం, షెడ్డు నేలంతా నీళ్లు చల్లి, దుమ్ము లేవకుండా చూసుకుని, చివరి కోటు కొట్టాను. నా చేతి పనిలో నాకు నచ్చినవి తక్కువ. అది నచ్చింది. డబ్బాలో ఇంక గ్లాసెడు రంగు కూడా మిగల్లేదు.

ఆదివారం దసరా వచ్చింది. మా దిక్కున పనిముట్లు పట్టే ఏ కులం వాడైనా ఆ రోజు వాటిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కాల్సిందే. అన్నం పెట్టేవి అవే కదా. ఒమాన్‌లో కూడా నేను ఏ ఏడూ తప్పలేదు. భాయ్ తన నమాజు తను చేసుకునేవాడు, కాని నా పండగకు మార్కెట్ నుంచి నిమ్మకాయలు ఆయనే తెచ్చేవాడు. తన స్పానర్లు కూడా నా ముందు పెట్టి, "వీటికి గూడ బెట్టు, అలుగుతయ్," అనేవాడు.

సుత్తెలకు పెట్టాను, కంప్రెసర్‌కు పెట్టాను, రంగు కొట్టే గన్నుకు పెట్టాను. ఆఖరున బండి దగ్గరికి వచ్చాను. ఎనిమిది నెలల కష్టం ఎదురుగా మెరుస్తుంటే చెయ్యి ఆగుతుందా? పసుపులో నిమ్మరసం పిండి, చిక్కగా కలిపి, బానెట్ నడిమధ్యన అరచేయంత గుండ్రంగా దిద్దాను. మధ్యలో కుంకుమ. "తమ్మీ, రంగు ఇంకా పచ్చిగున్నది," అన్నాడు భాయ్ వెనక నుంచి. "గింత పసుపుకు ఏమైతది భాయ్," అన్నాను. రంగు ఆరేదాకా దాని మీద ఈగను కూడా వాలనివ్వకూడదని పదిమందికి పాఠం చెప్పే పెయింటర్‌ను నేను. ఊళ్లో బొట్లు పెట్టించుకునే కొత్త బండ్లకు కంపెనీలోనే రంగు కాల్చి గట్టిపరుస్తారు, నేను కొట్టింది రెండు రోజుల రంగు. ఆ తేడా కూడా తెలిసినవాణ్ణే. భక్తిలో బుర్ర పనిచేయలేదు.

సోమవారం పొద్దున తుడిచాను. కుంకుమ వచ్చింది, పసుపు రాలేదు. సబ్బు పెట్టి కడిగాను. పెట్రోలు గుడ్డతో తుడిచాను. మీగడ రంగు మీద అరచేయంత పచ్చటి మచ్చ నన్నే చూస్తోంది. భయంతో థిన్నర్ అందుకుని రుద్దాను. మచ్చ అలాగే ఉంది, దాని చుట్టూ మెరుపు చచ్చిపోయి మసకబారింది. మళ్లీ కోటు కొడదామంటే రంగు లేదు. మస్కట్ నుంచి కలిపించి తెప్పించే రోజులూ లేవు.

"ఎట్ల భాయ్ ఇప్పుడు?" అన్నాను.

"చెప్పెయ్యి తమ్మీ. పొద్దుగాల్నే చెప్పెయ్యి. తిడ్తడు, అంతే గదా."

తిట్టి ఊరుకుంటే సరే. వాళ్ల పెళ్లి బండి మీద మా పూజ చేశానంటే ఏమంటాడో? కోపంలో మా యజమానికి ఒక్క ఫోను చేస్తే నా వీసా క్యాన్సిల్. అట్లా అనుకుని, బండిని షెడ్డు లోపలి మూలకు నెట్టించి, తాడిపత్రి కప్పేశాను. బాబా వచ్చి చూస్తానంటే, "రంగు ఆరుతోంది బాబా, వెలుతురు తగలకూడదు," అన్నాను. "మంచిది, నీ పని నీకు తెలుసు," అని పెట్టె మీద కూర్చుని నాకు కావా పోశాడు. మంగళవారం కూడా అదే అబద్ధం. తేలు కుట్టిన దొంగలా లోలోపలే మెలికలు తిరిగాను.

బుధవారం పొద్దున ఆయన వచ్చేసరికి నేను బాత్రూంలో ఉన్నాను. బయటికి వచ్చి చూస్తే తాడిపత్రి కింద పడి ఉంది. బాబా బానెట్ దగ్గర నిలబడి ఉన్నాడు. భాయ్ తల దించుకున్నాడు.

"ఏష్ హాదా?" అన్నాడు. ఏమిటిది అని.

ఇక దాచడానికి ఏముంది? అంతా చెప్పాను. మా పండగ గురించి, పనిముట్ల గురించి, నిమ్మరసం గురించి, థిన్నర్ గురించి. వచ్చీరాని హిందీలో, అరబ్బీలో, చేతులతో. ఆయన పూజ గురించి ఒక్క మాట అనలేదు. మచ్చ గురించీ అనలేదు.

"ఆదివారం పెట్టావు. నిన్న, మొన్న నేను వచ్చాను. నా చేత్తో కావా పోశాను. నా మొహం చూసి అబద్ధం చెప్పావు."

నేను వంగి కింద పడ్డ తాడిపత్రి ఎత్తబోయాను.

"ఖలాస్. బండి బయటికి తీయండి. ఇక దాని మీద చెయ్యి వెయ్యకు."

వాకిట్లోకి నెట్టాం. ఆయన తన పికప్ వేసుకుని ఇంకో పెయింటర్‌ను వెతకడానికి వెళ్లిపోయాడు. ఎండలో ఆ బండి, షెడ్డు నీడలో నేను. తిట్టినా బాగుండేది. నా ఇద్దరు పిల్లల మొహాలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది, సిగ్గు విడిచి ఏడ్చాను.

మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చిన భాయ్ వాకిట్లో ఆగిపోయాడు. "తమ్మీ, ఇటు రా," అని కేకేశాడు. వెళ్లి చూశాను. పొద్దున నిండు పసుపుగా ఉన్న మచ్చ, పలచటి మజ్జిగ రంగులోకి దిగింది. బాబా చెయ్యి వెయ్యొద్దన్నాడు కాబట్టి ముట్టుకోలేదు. ఇద్దరం కాకుల్లా దాని చుట్టూ తిరిగాం. ఎండ వాలేసరికి వెతికితే గాని కనపడకుండా పోయింది.

అప్పుడు తలకెక్కింది నాకు. పసుపు బట్టలు నీడన ఆరేయమని, ఎండలో వేస్తే పసుపంతా పోతుందని మా ఇంట్లో ఆడవాళ్లు ప్రతి పెళ్లికీ అరుస్తుంటారు. ఆ మాట వింటూ పెరిగిన నేను, లోకంలోనే ఘనమైన ఎండ వాకిట్లో కాస్తుంటే, రెండు రోజులు ఆ మచ్చకు చీకట్లో కాపలా కాశాను. దాచకుండా ఉంటే దానంతటదే పోయేది.

సాయంత్రం అసర్ నమాజు వేళ దాటాక బాబా ఒక్కడే తిరిగి వచ్చాడు. పెళ్లి రేపనగా ఎవరూ ఆ పని పట్టనన్నారట. అలసిపోయిన మొహంతో బానెట్ మీదికి వంగి, కళ్లు చిట్లించి చూశాడు.

"ఏం చేశావు?"

నేనే ఏదో మందు పూశానని చెప్పుకోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. "నేను చేసిందేమీ లేదు బాబా. ఎండకు పోయింది. నీడన దాచింది నేనే, అందుకే అన్ని రోజులు ఉంది," అన్నాను.

ఆయన వేలితో థిన్నర్ రుద్దిన మసక చోటు తడిమాడు. "మరి ఇది?"

"అది మాత్రం నేనే. భయపడి రుద్దాను."

"ఎవరికి భయపడ్డావు?"

"నీకే బాబా."

ఆయన నావైపు తిరిగాడు. "ఎడారిలో పదిహేను రోజులు నాకు మాట్లాడే మనిషి ఉండడు. ఇంటికొస్తే అందరికీ తొందరే. ఎనిమిది నెలలు నీ పక్కన కూర్చుంది రేకు చూడటానికా?" అన్నాడు.

నేనేమో సీఐడీ అన్నాను. ఆ మాట ఆయనకు తెలియకపోవడం నా అదృష్టం. తల ఎత్తలేకపోయాను.

"కాంపౌండ్ తే. ఇప్పుడు రుద్దు," అన్నాడు బాబా. పాలిష్ కాంపౌండ్ గుడ్డకు రాసుకుని, చీకటి పడేదాకా రుద్దాను. ఆయన కూడా ఇంకో గుడ్డ తీసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. మెరుపు ముప్పాతిక వంతు తిరిగి వచ్చింది. మిగతాది ఆయన చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు.

బండి ఎక్కి, స్టార్ట్ చేసి, అద్దం దించాడు. ఆ చప్పుడులో వినపడేలా గట్టిగా అన్నాడు. "పొద్దున ఏడింటికి మా ఇంటికి రండి, ఇద్దరూ. కోడలి ఊరు గంట ప్రయాణం. దారిలో బండి ఆగితే ఎవరు చూస్తారు?"

ఆ ఇంజన్ కట్టింది భాయ్. అది దారిలో ఆగే బండి కాదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. వస్తామని చెప్పి, రూమ్‌కు వెళ్లి ఉన్న ఒక్క మంచి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను.