కరక్ చాయ్ బోర్డు మీద తమ్ముడు

మా తమ్ముడి ముఖాన్ని మనిషంత ఎత్తున నేను మొదటిసారి చూసింది ఈ గల్ఫ్ దేశంలో, లుసైల్‌లో, ఆఫీసుకు పోయే దారిలో. బస్సు దిగి రోడ్డు దాటబోతూ తలెత్తితే, కొత్తగా తెరిచిన చాయ్ దుకాణం మీద వాడున్నాడు. గోల్‌కీపర్ గ్లవుజులు తొడిగిన రెండు చేతుల మధ్య, బంతిని పట్టుకున్నట్టు, ఇక్కడ అందరూ తాగే చిక్కటి కరక్ చాయ్ కప్పు పట్టుకున్నాడు. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఇంట్లో వాడెప్పుడూ అలా నవ్వడు. ఎవరైనా ఆ ముఖాన్నీ నా ముఖాన్నీ పోల్చి చూస్తారేమోనని తల దించుకుని గబగబా నడిచాను. ఇంట్లో అందరికీ గర్వంగా ఉన్న ఆ ఫోటో అంటే నాకు మొదటి రోజు నుంచే భయం.

భయపడడం నాకు కొత్త కాదు. ఆఫీసులో ఫోన్ మోగితే, ఏం మాట్లాడాలో మనసులో ఒకసారి అనుకున్నాక గానీ ఎత్తను. పైకి చెప్పలేని మాటలు డైరీలో రాసుకుంటాను. బస్సులో ఫోన్ మీద తెలుగు కథలు చదువుకుంటూ, పక్క సీట్లోవాళ్ళు తొంగి చూస్తే స్క్రీన్ ఆర్పేస్తాను. అందుకే నేను భయంగా ఉందంటే మా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. "దానికి లిఫ్టెక్కాల్నన్నా భయమే" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేస్తుంది.

మేముండేది నజ్మాలో, గదులుగా విడగొట్టి అద్దెకిచ్చిన ఒక పాత విల్లాలో. మాది జగిత్యాల దగ్గరి పల్లె. బాపు బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక కంపెనీ గోడౌన్‌కు సూపర్‌వైజర్. నాకు మా ఆఫీసువాళ్ళు పని చేసుకోవడానికి పర్మిట్ తీయించాకే డ్యూటీలో చేర్చుకున్నారు. తమ్ముడు మాత్రం బాపు వీసా మీదే ఉన్నాడు. కాలేజీలో చదువుతున్నంత కాలం కొడుకు తండ్రి మీద ఉండొచ్చు. కాలేజీ మానేస్తే ఏదైనా కంపెనీలో చేరాలి, లేకపోతే ఊరికి పోవాలి. మా ఇంట్లో నలుగురం ఒక కప్పు కింద ఉండడమనేది వాడి కాలేజీ మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు, అందరికీ తెలుసు.

పోయినేడాది వాడు వెళ్ళిపోతానన్నాడు. హైదరాబాద్‌లో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు వాడి ఆట వీడియో చూసి రమ్మన్నారు. ఉండడానికి గది, తిండి, కొద్దిగా జీతం ఇస్తామన్నారు. ఇక్కడ కాలేజీ ఫీజు కట్టడానికి బాపు ప్రతిసారీ పడే అవస్థ వాడు చూస్తూనే ఉన్నాడు. అమ్మ రెండు రోజులు సరిగా తినలేదు.

"ఆడుడే గావాలంటే గీడ ఆడరాదా కొడుకా? గీడ లేని గ్రౌండా?"

"గీడ ఆడితే ఎవలిత్తరమ్మా పైసలు?"

ఇస్తానని ఒకాయన వచ్చాడు. మా గల్లీ చివర చాయ్ దుకాణం ఆయనది. నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడవుతున్న మనిషి. తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ దక్కనీలోకి జారిపోతాడు. అందరూ సేఠ్ అంటారు. ఒక దుకాణంతో మొదలుపెట్టి లుసైల్ దాకా తెరిచాడు. కాలేజీల మధ్య జరిగిన ఒక మ్యాచ్‌లో తమ్ముడు పెనాల్టీ ఆపడం చూశాడట. మర్నాడే ఇంటికి మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"బేటా, నా బోర్డు మీద నీ ఫోటో పెడ్త. నీ ఫీజు నేను గడ్త. గని ఒక్క మాట. నువ్వు గీ కాలేజీల ఆడినన్ని దినాలే. నువ్వు హైదరాబాద్‌కు పోతే, గీడ నీ మొఖం జూసి చాయ్ ఎవడు తాగుతడు?"

ఆ సాయంత్రమే తమ్ముడు క్లబ్బుకు ఫోన్ చేసి రానని చెప్పేశాడు. అమ్మ సర్వపిండి చేసింది. వాడు తింటూ ఫోన్‌లో బాపుకు ఏదో వీడియో చూపించాడు.

"జూడు బాపూ, అమెరికాల కాలేజీ ఆటగాళ్ళు గూడ గిట్లనే అడ్వర్టైజ్‌మెంట్లు జేస్తున్నరట. ఎన్కట అట్ల పైసలు దీసుకోనియ్యకపోదురట. ఇప్పుడు గా పైసలు జూసి కొందరు కాలేజీ ఇడిసి పోతలేరట."

బాపు ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదేం ఫుట్‌బాల్‌రా? అందరు చేతులతోని వట్టుకొని ఉరుకుతున్నరు."

"నేను గూడ చేతులతోనే పడ్త గదా!"

అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. తర్వాత వంటగదిలో ప్లేట్లు కడుగుతూ వాణ్ణి మెల్లగా అడిగాను. "నీకు పర్మిట్ లేదు గదరా. ఇట్ల పైసలు దీసుకోవచ్చునా?"

"నేనేమన్న డ్యూటీ జేస్తున్ననా అక్కా? ఫోటో దిగిన. ఫోటో దిగుడు డ్యూటీయా?"

ఇక్కడ మా వాళ్ళందరి లెక్కలో డ్యూటీ అంటే పొద్దున బస్సెక్కడం, యూనిఫాం వేసుకోవడం, ఎండలో నిలబడడం. నవ్వుతూ కప్పు పట్టుకోవడం డ్యూటీ ఎట్లా అవుతుంది? బాపును అడిగినా అదే అన్నాడు. "ఆయనేమన్న జీతమిస్తున్నడా బిడ్డా? పిల్లగాని సదువుకు సాయం జేస్తుండు."

లుసైల్‌లో బోర్డు పెట్టిన వారమే బాపు ఆ ఫోటోను కంపెనీ క్యాంప్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఊరి గ్రూపులో కూడా పెట్టాడు. గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనుకునే మా పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి, "దుబాయ్ల నా కొడుకు బోర్డు మీదికెక్కిండట గదనే!" అని ఏడ్చినంత పని చేసింది. క్యాంప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు వరుసగా వచ్చాయి. అదే గ్రూపులో కంపెనీ మందూబ్ కూడా ఉంటాడు. వీసాలు, మెడికల్, ఇక్కడ ఉండడానికిచ్చే కార్డుల రెన్యూవల్ అన్నీ చూసేది ఆయనే. ఎవరి కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో ఆ గ్రూపులోనే పెడతాడు. ఫోటో పెట్టేటప్పుడు బాపుకు ఆయన గుర్తుకు రాలేదు.

ఆ గురువారం బాపు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. అమ్మ నీళ్ళిచ్చినా తాగలేదు.

"మందూబ్ పిలిసిండు. 'నీ కొడుకు పిక్చర్ బహుత్ అచ్ఛా' అన్నడు. నేను నవ్విన. 'పర్మిట్ ఫీన్?' అన్నడు. పర్మిట్ ఏదని."

అమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఫోటోకు పర్మిట్ ఎందుకు సార్ అన్న. పైసలిస్తుండ్రా లేదా అన్నడు. ఫీజు గడ్తుండ్రు అన్న. అయితే అది పనే అన్నడు. పిల్లగాని కార్డు మీద విద్యార్థి అని ఉన్నది. రేపు ఎవడన్న కంప్లైంట్ ఇస్తే ముందుగాల కంపెనీనే అడుగుతరట. వచ్చే నెల వాని రెన్యూవల్. 'బోర్డన్న దీయించు, పర్మిటన్న దీయించు. లేకుంటే నేను కాయిదం ముట్ట' అన్నడు."

తమ్ముడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు గ్రూపుల పెట్టకపోతే అయిపోవు గదా బాపూ" అన్నాడు. బాపు వాడి వైపు చూడలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నా కొడుకు ఫోటో నేను పెట్టుకోవద్దారా?" అని మాత్రం అన్నాడు.

ఆ తర్వాతి రోజుల్లో నేను లుసైల్‌లో ఆ రోడ్డుకు అవతలి వైపు నుంచి నడిచేదాన్ని. బోర్డు వైపు చూడకూడదనుకుంటూనే చూసేదాన్ని. దాని కింద ఎవరైనా ఆగితే నా కాళ్ళు ఆగిపోయేవి. ఒకసారి చంకలో ఫైళ్ళు పెట్టుకున్న ఇద్దరు మనుషులు బోర్డు వైపు వేలు చూపిస్తూ మాట్లాడుకున్నారు. నేను ఆఫీసుకు పోయి బాత్‌రూమ్‌లో తలుపేసుకుని నిలబడ్డాను. వాళ్ళు చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళే కావచ్చు. ఆ ఆలోచన నాకప్పుడు రాలేదు. వాణ్ణి పంపించేస్తారా, బాపు ఉద్యోగం పోతుందా, బాపు వీసా పోతే అమ్మ ఏమవుతుంది, ఇవే తిరిగేవి తలలో. ఇంట్లో తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నలుగురం దాన్ని చూస్తూ కూర్చునేవాళ్ళం. వాడు ప్రాక్టీసుకు పోవడం తగ్గించాడు.

చివరికి మరుసటి వారం శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక, సేఠ్ మమ్మల్ని నజ్మా దుకాణానికి రమ్మన్నాడు. బాపు, తమ్ముడు, వెనక నేను. కాగితాలేమైనా ఉంటే చదవడానికి నేనుండాలని బాపు తీసుకుపోయాడు. సేఠ్ లోపలి టేబుల్ దగ్గర మాకు చాయ్, సమోసాలు పెట్టించాడు. విషయం విని తల కొట్టుకున్నాడు.

"అరె భాయ్, గింత దానికి గింత పరేషానా? ఒక పని జేద్దాం. పిల్లగాని వీసా నీ మీదికెల్లి నా దుకాణం మీదికి మార్సుకుంట. కాయిదం మీద కెఫెటేరియా వర్కర్. ఖలాస్. అప్పుడు నేను పైసలిచ్చుడు హలాల్, వాడు తీసుకొనుడు హలాల్. బోర్డు గూడ ఉంటది."

"కాలేజో?" అన్నాడు బాపు.

"కాలేజీకి పోవద్దని ఎవరన్నరు? గా కాలేజీల ఆడితేనే గదా నా బోర్డు. ఆడనీ, సదువుకోనీ."

బాపు ముఖంలో వారం రోజులుగా లేని వెలుగు కనిపించింది. తమ్ముడు ముందుకు వంగి కూర్చున్నాడు. వాడు ఒప్పుకుంటాడని నాకర్థమైంది. తండ్రి మీద ఉంటే వాడు చదువుకునే కొడుకు, దుకాణం మీద ఉంటే యజమాని చెప్పిన పని చేయాల్సిన మనిషి. ఆ తేడా నాకు తెలుసు, కానీ దాన్ని మర్యాదగా ఎట్లా అడగాలో తెలియదు. వాక్యాన్ని మనసులో అనుకోవడానికి కూడా సమయం లేదు.

"అంకుల్" అన్నాను. ముగ్గురూ నా వైపు తిరిగారు. "వాడికి దెబ్బ తాకి ఆడకుంటైతే? అప్పుడెట్ల?"

సేఠ్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "గందుకు భయమెందుకు బిడ్డా? ఆడకుంటే కౌంటర్ లేదా? చాయ్ పోసుడు నేర్పిస్త. నేను గూడ గట్లనే నేర్సుకున్న. నేనొచ్చింది గూడ ఒకల వీసా మీదనే గదా. ఆయన రమ్మంటే వచ్చిన, నిలవడుమంటే నిలవడ్డ. ఇయ్యాల నన్ను సేఠ్ అంటున్నరు."

ఆయన మా మంచి కోరే చెప్పాడు. తన జీవితంలో జరిగిందే ఇవ్వజూపాడు. కానీ తమ్ముడు కౌంటర్ వైపు చూశాడు. పెద్ద గిన్నెలో పాలు పొంగుతున్నాయి. వరుసగా కప్పులు, వాటి మీద వాడి నవ్వు ముఖం అచ్చు. వాడు చాలాసేపు చూశాడు.

"రాజీనామా జేస్తనంటే?" అని అడిగాడు.

"ముందుగాల చేరు బేటా, ఎన్కసీరి జూద్దాం" అన్నాడు సేఠ్.

తమ్ముడు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు. "బోర్డు దింపుండ్రి సేఠ్."

"ఏందిరా?" అన్నాడు బాపు.

"నేను నీ మీదనే ఉంట బాపూ. ఉన్నన్ని దినాలు."

సేఠ్ నొచ్చుకున్నాడు, అది తెలుస్తూనే ఉంది. తర్వాత కప్పు తమ్ముడి వైపు జరిపాడు. "తాగు. సల్లారుతుంది."

తమ్ముడి మాట కాదనలేదాయన. మూడు రోజుల్లో లుసైల్‌లో నిచ్చెన వేసి బోర్డు విప్పేశారు. బాపు ఆ ఖాళీ చోటును ఫోటో తీయించి మందూబ్‌కు పంపాడు, ఈసారి గ్రూపులో కాదు, ఆయనకొక్కడికే. ఆయన నుంచి ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది, అంతే. దానర్థం ఏమిటని బాపు నన్ను పదే పదే అడిగాడు. "మంచిదనే గదా బిడ్డా?" నాకూ తెలియదు. రెన్యూవల్ మెసేజ్ వచ్చేదాకా మా ఇంట్లో ఎవరమూ నెమ్మదిగా ఊపిరి తీసుకోలేదు. అది వచ్చిన రోజు బాపు ఫోన్‌ను కళ్ళకద్దుకున్నాడు. అమ్మ మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి ఉప్పు దిష్టి తీసింది.

ఫీజు ఇప్పుడు బాపు జీతంలోంచి కొంత, నా జీతంలోంచి కొంత పోతోంది. అందుకు నాకు బాధ లేదు. కానీ తమ్ముడికి ఉంది. ఆ మధ్య ఒక మ్యాచ్ ఓడిపోయి వచ్చి, వంటగది గడప మీద కూర్చుని నాతో అన్నాడు.

"సేఠ్ పైసలున్నప్పుడు గోల్ తింటే సేఠ్ ఏమంటడో అని భయముండె. ఇప్పుడు నువ్వేమనవు గదా అక్కా. గదే ఎక్కువ భయమైతుంది. బంతి వస్తుంటే నీ ఆఫీసు యాదికొస్తుంది."

"పిచ్చోడా" అన్నాను.

"క్లబ్బోళ్ళు మళ్ళ ఫోన్ జేసిండ్రు. గీ ఏడు ఆడి, పరీక్షలు రాసి వస్తనని చెప్పిన." వాడు గడప మీద గోటితో గీస్తున్నాడు. "ఈసారి మాట తప్ప. అమ్మకు నువ్వే జెప్పు. నేను జెప్తే నా మొఖం జూసి ఏడుస్తది, నాతోని గాదు."

వాడు లేచి స్నానానికి పోయాడు. అమ్మ బయట దండెం మీద వాడి జెర్సీ ఆరేస్తోంది. మసీదు పక్క దర్జీ దగ్గర వచ్చే ఏడాదికి వాడికి కొత్త ట్రాక్ ప్యాంటు కుట్టించాలని, కొలతలు మారాయేమోనని నన్ను అడుగుతోంది. నేను అమ్మకు చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో అనుకోవడం మొదలుపెట్టాను. ఇప్పటికి చాలాసార్లు అనుకున్నాను. ఇంకా చెప్పలేదు.